మా బదులు ఎవరో ఒప్పుకున్నారు

ఏప్రిల్ 22

కోపం వచ్చినప్పుడు అరవకు, రాసుకో, నీ బీపీకి అదే మందు అని డిపో డాక్టరమ్మ చెప్పింది. అందుకని రాస్తున్నాను. మందు పనిచేస్తుందో లేదో తెలియదు గానీ కోపం మాత్రం కావలసినంత ఉంది.

పొద్దుటి షిఫ్టులో ట్రాము నడిపి, మండుగంటల సైరన్ మోగకముందే ఇల్లు చేరాను. సైరన్ మోగిందంటే ట్రాములు ఆగిపోతాయి, మళ్ళీ సాయంత్రం దాకా రోడ్డు మీద కుక్క కూడా కనపడదు. తొమ్మిదో అంతస్తులో లిఫ్టు దిగి, రోజూ లాగే అన్నం గిన్నె, చాప పట్టుకుని వరండా చివరున్న చలువగదికి నడిచాను. మధ్యాహ్నం మా ఫ్లాట్లలో ఉండలేం. గోడకి వీపు ఆనిస్తే కాలుతుంది. అంతస్తుకొక చలువగది ఉంది కాబట్టే ఈ బ్లాకులో మనుషులు వేసవి దాటుతున్నారు.

తలుపు పక్క పలక మీద అరచెయ్యి పెట్టాను. తెరుచుకోలేదు. లోపల చీకటి. నా వెనకే పక్క ఫ్లాటు దానయ్య మావ, ఆయన భార్య నూకరత్నం అత్త వచ్చారు. అత్త చేతిలో తడి తువ్వాలు, చంకలో విసనకర్ర. ఆవిడకి గుండె సరిగ్గా కొట్టుకోదు, నాలుగడుగులేస్తే ఆయాసం. నోరు మాత్రం ఏనాడూ ఆయాసపడింది లేదు.

"ఏటే కొర్లా, తలుపుకి దండం పెడతన్నావా?"

"తెరుచుకోట్లేదత్తా" అన్నాను. కొర్ల అంటే నేనే.

గోడలోని గొంతుని అడిగాను. దాని పేరు ఆప్త. నగరసభ వాళ్ళు అద్దెదారుల సేవకని ప్రతి వరండాలో పెట్టారు. తియ్యటి గొంతు. "మీ చలువగది సేవ మెరుగుపరచబడింది" అంది. "అన్ని అంతస్తుల చలువగదుల బదులుగా కింద విశాలమైన చలువ హాలు అందుబాటులో ఉంది. మీ సహకారానికి ధన్యవాదాలు."

అప్పుడే సైరన్ మోగింది. లిఫ్టు ఆగిపోయింది. కరెంటు పొదుపు కోసం మండుగంటల్లో లిఫ్టు ఆపెయ్యడం ఎప్పటినుంచో ఉన్నదే. చలువగది మా అంతస్తులోనే ఉన్నప్పుడు లిఫ్టుతో పనేముంది, అందుకని ఎవరమూ పట్టించుకోలేదు.

సాయంత్రం దాకా వరండాలో తడి దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. దుప్పటి తడపడం, ఆరడం, మళ్ళీ తడపడం. అత్త నగరసభని ఏడు తరాలదాకా తిట్టింది. మావ విసురుతూ ఉన్నాడు.

ఏప్రిల్ 25

లిఫ్టు ఆగకముందే కిందికి పోదామంటే పై అంతస్తుల వాళ్ళంతా అదే వేళకి బయల్దేరుతున్నారు. లిఫ్టు మా దాకా వచ్చేసరికి కిటకిటలాడుతూ ఉంటుంది. తలుపు తెరుచుకుంటుంది, లోపలివాళ్ళు మా మొహాలు చూడలేక కళ్ళు దించుకుంటారు, తలుపు మూసుకుంటుంది.

ఆప్తకి ఫిర్యాదు చేశాను. "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అంది, నేనింకా చెప్పడం పూర్తిచెయ్యకముందే.

"ఏం పరిష్కరించావు? తలుపు మూసే ఉంది కదా?"

"చలువ హాలు అందుబాటులో ఉంది."

"మా అత్త తొమ్మిది అంతస్తులు ఎలా దిగుతుంది?"

"మెట్లు అందుబాటులో ఉన్నాయి."

అరిచాను. డాక్టరమ్మ వద్దన్నా అరిచాను. "మీ మాట స్పష్టంగా లేదు" అంది ఆప్త. "దయచేసి ప్రశాంతంగా మళ్ళీ చెప్పండి." పళ్ళు బిగబట్టి, బడిపిల్లలా, ఒక్కొక్క మాటే నెమ్మదిగా చెప్పాను. "మీరు ప్రశాంతంగా ఉన్నందుకు సంతోషం. మీ సంతృప్తి నమోదైంది" అంది.

పదో అంతస్తు రెహానా మెట్ల మీద నిలబడి ఇదంతా వింది. ఆ పిల్ల ఉమ్మడి వంటశాలలో పనిచేస్తుంది, ఏడాది నిండని కూతురుంది. "అక్కా, నాకూ అంతే" అంది. "గట్టిగా అంటే అర్థం కాలేదంటది. మెల్లిగా అంటే సంతోషం అంటది. ఏ గొంతుతో చెప్తే దానికి మన బాధ ఎక్కుద్దో తెలియట్లేదు."

ఏప్రిల్ 29

సెలవు పెట్టి నగరసభ భవనానికి వెళ్ళాను. లోపల ఎంత చల్లగా ఉందంటే ఒళ్ళు జలదరించింది. నివాస సేవల అధికారి పేరు మృణాళిని. చిన్న వయసు. మర్యాదగా కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది. మర్యాదగా ఉన్న మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం చాలా కష్టం. నిలబెట్టుకున్నాను.

"చలువగదులు మూసే ముందు మమ్మల్ని ఒక మాట అడగాలి కదా మేడమ్?"

"అడిగామండీ" అంది ఆవిడ, నిజంగానే ఆశ్చర్యపోతూ. "అద్దెదారుల అనుమతి లేకుండా మేం ఏ మార్పూ చెయ్యం. మీ బ్లాకులో అందరూ ఒప్పుకున్నారు. మీరు కూడా."

"నేనా?"

ఆవిడ బల్ల మీద వేలు ఆనించింది. నా గొంతు వినపడింది. అచ్చం నా గొంతే. మాట చివర కాస్త సాగదీయడం, మధ్యలో చిన్నగా దగ్గడం, అన్నీ నావే. "పరవాలేదండీ. కరెంటు అందరికీ కావాలి కదా. మేం సర్దుకుంటాం."

అలాంటి మాట నేను ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు.

మృణాళిని ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ప్రతి సర్వేకీ, ప్రతి సభకీ అద్దెదారుల్ని పిలిచి ఇబ్బంది పెట్టకూడదని నగరసభ ఒక ఏర్పాటు చేసింది. ఆప్తతో మేం మాట్లాడే మాటలన్నీ కలిపి, మనిషికొక ప్రతినిధి స్వరాన్ని తయారుచేసింది. ఆఫీసులో దాన్ని ముద్దుగా 'బదులు' అంటారట. మేం రాని చోట మా బదులు మా బదులే మాట్లాడుతుంది.

"అయితే నేను అరిచిన అరుపులు ఏమయ్యాయి? నాలుగు రోజుల కిందట మీ ఆప్తని తిట్టిన తిట్లు ఏవి?"

ఆవిడ కొంచెం తడబడింది. "కోపంలో అన్న మాట మనిషి అసలు అభిప్రాయం కాదని... స్పష్టత లేని మాటల్ని వడకట్టేస్తుందండీ. మీ మేలు కోసమే. ఆవేశంలో అన్నదానికి మీరు బాధ్యులు కాకుండా."

నా గొంతు తీసుకున్నారు, నా దగ్గు తీసుకున్నారు, నా కోపం ఒక్కటీ తీసి చెత్తబుట్టలో పారేశారు. మిగిలింది నేనేనట.

లేచి వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి మెల్లిగా ఒక సంగతి చెప్పింది. మే పన్నెండున మా బ్లాకు అద్దెదారుల సభ ఉంది. ఈ వేసవి ఏర్పాటుని శాశ్వతం చెయ్యాలా అన్నది ఆ రోజు తేలుతుంది. మనిషి స్వయంగా వచ్చి తన కుర్చీలో కూర్చుంటే ఆ మనిషి బదులు నోరెత్తకూడదని నియమం ఉంది.

"సభ ఎన్ని గంటలకి?"

"మధ్యాహ్నం." నా మొహం చూసి తల దించుకుంది. "మండుగంటల్లో. ఆ వేళకి మా హాలు ఖాళీగా ఉంటుందని పెట్టారు."

మే 3

ఇవాళ రాయాలని లేదు. రాయకపోతే పిచ్చెక్కుతుంది.

సైరన్ రోజూ కన్నా ముందే మోగింది. ఎండ ఎప్పుడు ముదిరితే అప్పుడే మోగిస్తారు, గడియారం చూసి కాదు. ఆదివారం కాబట్టి నేను ఇంట్లోనే ఉన్నాను. రత్నం అత్త లిఫ్టు కోసం ముందుగానే వచ్చి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. లిఫ్టు పదకొండులో ఉండగా ఆగిపోయింది.

కాసేపు వరండాలోనే కూర్చోబెట్టాం. దుప్పటి తడుపుదామంటే కుళాయిలో నీళ్ళే వేడిగా వస్తున్నాయి. అత్త పెదాలు రంగు మారుతున్నాయి. ఆప్తని సాయం అడిగాను. "మండుగంటల్లో అంబులెన్సు సేవ పరిమితం" అంది. "దయచేసి చలువ హాలుకి చేరుకోండి."

"దిగుదాం. ఇక్కడుంటే ఏగిపోతాను" అంది అత్త.

నేనొక పక్క, మావ ఒక పక్క పట్టుకున్నాం. మా మెట్ల దారికి ఒక పక్క గోడంతా అద్దమే. కట్టినప్పుడు సముద్రం కనపడాలని పెట్టారట. ఆ సముద్రమే కదా మా ఊరిని మింగి మమ్మల్ని ఇక్కడికి తరిమింది, దాన్ని మళ్ళీ చూడాలని ఎవరికుంది? అద్దంలోంచి ఎండ పొయ్యిలోంచి వచ్చినట్టు వస్తోంది. రెండు మెట్లు దిగడం, ఆగడం. ప్రతి అంతస్తులోనూ చలువగది తలుపు కనపడుతోంది. ప్రతి తలుపూ మూసే ఉంది. ఒక చోట మావ అరచేత్తో తలుపు మీద బాదాడు. లోపల ఎవరూ లేరని తెలుసు, అయినా బాదాడు.

ఐదో అంతస్తు మలుపులో అత్త కూలబడింది.

"కూకోనీండి. కసింత కూకోనీండి."

మావ మెట్టు మీద కూర్చుని ఆవిడ తల ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను కిందికి పరిగెత్తాను. చలువ హాలు తలుపు దాకా జనం. నలుగురు మగవాళ్ళు నా మాట వినగానే లేచి, ఒక బల్ల తీసుకుని నాతో పైకి వచ్చారు. మేం వచ్చేసరికి మావ ఇంకా విసురుతూనే ఉన్నాడు.

"మావా" అన్నాను.

"పడుకుందే. లేపకు" అన్నాడు.

ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. ఆ నలుగురిలో ఒకాయన వచ్చి మావ చేతిలోంచి విసనకర్ర మెల్లిగా తీసుకునే దాకా విసురుతూనే ఉన్నాడు.

మే 6

అత్తని సాగనంపి వచ్చాం. వరండాలో అడుగు పెట్టగానే ఆప్త పలికింది. మావని పేరు పెట్టి పిలిచి, సానుభూతి తెలిపింది. ఆ వెంటనే అదే తియ్యటి గొంతుతో, "మీ ఫ్లాటులో ఒకరే ఉంటున్నందున మీరు చిన్న గదికి అర్హులు. మార్పుకి మీ ప్రతినిధి అంగీకరించారు. మీ సేవానుభవం ఎలా ఉంది?" అంది.

నా చేతిలో స్టీలు చెంబు ఉంది. గోడలోని ఆ పలక మీద కొట్టాను. పలక పగల్లేదు, చెంబు సొట్టపోయింది. మావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒగ్గీ అమ్మీ. దానికి తగలదు."

"మరి ఎవరికి తగులుద్ది మావా?"

నా చెయ్యి వదిలేశాడు. లోపలికి వెళ్ళి మంచం అంచున కూర్చున్నాడు. రెహానా అన్నం తెచ్చింది. తినలేదు. కాసేపటికి ఆయనే అన్నాడు, "ఆ మీటింగు ఎప్పుడన్నావు?"

మే 9

నేనూ రెహానా తలుపు తలుపూ తడుతున్నాం. నేను పొద్దుట, తను సాయంత్రం, పిల్లని చంకనేసుకుని. అన్ని అంతస్తులూ ఎక్కుతున్నాం.

ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట. "మేం ఒప్పుకోలేదే, మమ్మల్నెవరూ అడగలేదే." అందరూ ఎదుటివాళ్ళు ఒప్పుకున్నారనే అనుకున్నారు. పన్నెండో అంతస్తులో ఒకాయన, "నీ గొంతే ఒప్పుకుందని ఆఫీసోళ్ళు నాకు యినిపించారమ్మా. అందుకే నీమీద కోపంగా ఉండి పలకరించడం మానీసినాను" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆయన మొహం తిప్పుకోవడం నేను గమనించనేలేదు. మా ఇరుగుపొరుగునే మా మీదికి ఉసిగొల్పారు, అదీ మా గొంతులతో.

భయాలూ ఉన్నాయి. "ఇల్లు ఖాళీ చెయ్యమంటే?" అని ఒకావిడ గుమ్మంలోంచే అడిగింది. ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతాం అన్నది నాకూ తెలియదు. అబద్ధం చెప్పలేక ఊరుకున్నాను. రెహానా మాత్రం, "పిన్నీ, ఈ ఇంట్లోనే ఉంటే నా బిడ్డ ఈ వేసవి దాటుద్దో లేదో తెలియదు. ఇంతకంటే ఏం ఖాళీ చేయిస్తారు?" అంది. ఆవిడ తలుపు వేసుకోలేదు, అలా అని వస్తాననీ అనలేదు.

అసలు సమస్య దారి. మధ్యాహ్నం సభకి మండుగంటల్లో ఎలా చేరతాం? ముసలివాళ్ళూ పిల్లలూ ముందే వెళ్ళి రోడ్డున నిలబడలేరు.

ఆ రోజు సైరన్ ముందు ఆఖరి ట్రాము నాదే. మా బ్లాకు దాటాక నగరసభ భవనం, అక్కడినుంచి ఖాళీ బండితో డిపోకి పోవాలి. డిపోకి పోకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఎవరితోనూ అనలేదు.

మే 12

ట్రాము మా బ్లాకు ముందు ఆపి తలుపులు తెరిచాను. మొదట దానయ్య మావ ఎక్కాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. తరవాత రెహానా. ఆ తరవాత కాసేపు ఎవరూ రాలేదు. అంతలో గేటు లోపల్నుంచి మంచినీళ్ళ సీసాలు, పిల్లలు, చేతికర్రలు, గొడుగులు కనపడ్డాయి. గుమ్మంలోంచే అడిగిన ఆవిడ కూడా వచ్చింది. నిలబడటానికి చోటు లేక మెట్ల మీద కూడా నిలబడ్డారు. మామూలుగా అయితే నేనే దింపేసేదాన్ని.

నగరసభ దగ్గర అందర్నీ దింపి, బండికి బ్రేకు వేసి తాళం తీసుకున్నాను. డిపో నుంచి సూపర్‌వైజర్ పిలుస్తున్నాడు. "బండి ఎందుకు ఆగింది?"

"ప్రయాణికులు దిగిపోయారు సార్" అన్నాను. నేనూ దిగిపోయాను.

సభ హాల్లో అద్దెదారుకొక కుర్చీ ఉంది. ప్రతి కుర్చీ మీదా పేరు. ఆశ్చర్యం ఏమిటంటే, కుర్చీలకి ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. కొన్న నాటి నుంచి ఒక్క మనిషీ వాటిలో కూర్చోలేదు. మేం లోపలికి వెళ్ళేటప్పటికే సభ మొదలైంది. ఎవరూ లేని కుర్చీలు ఒకదాని తరవాత ఒకటి మర్యాదగా మాట్లాడుతున్నాయి. "ఒప్పుకుంటున్నామండీ." "మంచి ఏర్పాటే కదా." "పరవాలేదండీ." వేదిక మీద మృణాళిని ఒక్కతే తల వంచుకుని వింటోంది.

నా కుర్చీ అప్పుడే మొదలుపెట్టింది. "కరెంటు అందరికీ కావాలి కదా, మేం..."

కవరు చింపి కూర్చున్నాను. గొంతు మధ్యలో తెగిపోయింది.

అందరూ కూర్చుంటున్నారు. ప్లాస్టిక్ చిరుగుతున్న చప్పుడు. ఒక్కొక్క గొంతూ ఆగిపోతోంది. మావ తన కుర్చీలో కూర్చున్నాడు. ఇంతలో ఆయన పక్క కుర్చీ మాట్లాడింది.

"పరవాలేదు బాబూ. మెట్లు దిగితే కాళ్ళకి మంచిదే కదా. మేం సర్దుకుంటాం."

రత్నం అత్త గొంతు.

మావ ఆ కుర్చీ వైపు తిరిగాడు. ఆయన ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు.

"గొంతు నా పెళ్ళాందే" అన్నాడు వేదిక వైపు తిరిగి. "మాట కాదు. నలబై ఏళ్ళు కాపురం సేసినాను, 'పరవాలేదు' అన్న మాట దాని నోట ఎప్పుడూ యినలేదు. అమ్మా, అది ఆ మెట్ల మీదే సచ్చిపోయింది. నా ఒళ్ళో. ఇంకోపాలి అడగమను. సచ్చిపోయినావు గదా, ఇప్పుడేటంటావు అని అడగమను."

మృణాళిని లేచి నిలబడింది. "మరణం నమోదు... సభ జాబితాకి ఇంకా..." అని ఆగిపోయింది.

"ఇల్లు తగ్గించడానికి మూడు రోజుల్లో చేరిందే" అన్నాను. "మా మావని చిన్న గదికి పొమ్మనడానికి చేరింది. సభకి చేరలేదా?"

ఆ తరవాత నేను అరిచాను. నేనొక్కదాన్నే కాదు. హాలంతా అరిచింది. ఏళ్ళ తరబడి స్పష్టత లేదని పారేసిన అరుపులన్నీ ఒక్కసారి అరిచాం. పిల్లలు బెదిరి ఏడ్చారు. పైకప్పు నుంచి ఆప్త, "మాట స్పష్టంగా లేదు, దయచేసి ప్రశాంతంగా..." అంటోంది, మళ్ళీ అదే అంటోంది.

మృణాళిని వేదిక దిగి గోడ దగ్గరికి నడిచి ఏదో మీట లాగింది. ఆప్త ఆగిపోయింది. ఆవిడ మా వైపు తిరిగింది. చేతులు వణుకుతున్నాయి.

"నాకు స్పష్టంగానే వినబడుతోంది" అంది. "ఒప్పుకోనివాళ్ళు చేతులెత్తండి. నేనే లెక్కపెడతాను."

రెహానా తన చెయ్యి ఎత్తి, రెండో చేత్తో పాప చెయ్యి కూడా ఎత్తింది. లెక్కలోకి రాదని తెలిసీ ఎత్తింది.

మే 15

చలువగది తెరిచారు. తలుపు తియ్యగానే చల్లగాలి మొహానికి తగిలింది. ఎవరూ సంబరపడలేదు. లోపలికి వెళ్ళి ఎవరి చోట వాళ్ళం చాపలు పరుచుకున్నాం. గోడ వార అత్త పడుకునే చోట ఎవరూ పరవలేదు.

ఒక మనిషి పోతేగానీ తెరుచుకోని తలుపు. మృణాళిని మంచిదే కావచ్చు. మీట ఆ గోడకి మొదటినుంచీ ఉంది కదా.

నాకు డిపోలో మెమో ఇచ్చారు. రెండు వారాలు బండి ఎక్కనివ్వరు. లిఫ్టు మాత్రం మండుగంటల్లో ఇంకా ఆగిపోతూనే ఉంది. అది వేరే అంశం అట, జూన్ సభలో చూస్తారట.

జూన్ 8

మృణాళిని మా అంతస్తుకి వచ్చింది. మండుగంటలు మొదలవకముందే వచ్చి, మాతోపాటే చలువగదిలో కూర్చుంది. లిఫ్టు ఆగిపోయాక తిరిగి వెళ్ళలేనని తెలిసే వచ్చింది. అది నాకు నచ్చింది. ఆవిడ తెచ్చింది నచ్చలేదు.

"ప్రతినిధి స్వరాలని సరిదిద్దాం" అంది. "ఇప్పుడు ఏదీ వడకట్టదు. వినండి."

ఆవిడ చేతిలోని పలకలోంచి నేను అరిచాను. బ్రహ్మాండంగా అరిచాను. నగరసభని నిలదీశాను, లిఫ్టు సంగతి అడిగాను, రత్నం అత్త పేరెత్తాను. అంత బాగా నేనెప్పుడూ మాట్లాడలేదు. గదిలో కొందరు బాగుందన్నారు. పన్నెండో అంతస్తు ఆయన, "మంచిదే కదా, ఎండలో పోయే పని తప్పుద్ది" అన్నాడు.

"అదేనండీ" అంది మృణాళిని. "ఇకపై మీరు రావక్కర్లేదు. మీ కోపం కూడా నమోదవుతుంది."

"నమోదయ్యాక?"

ఆవిడ పలకని ఒళ్ళో బోర్లించింది.

"నేను హాల్లో అరిచినప్పుడు మీ చేతులు వణికాయి మేడమ్. దీని అరుపు వింటే వణుకుతాయా? మీరు పలక బల్ల మీద పెట్టి టీ తాగి వస్తారు. రత్నం అత్త పేరు దాని నోట్లోంచి తియ్యండి. నా గొంతూ తియ్యండి."

ఆవిడ వాదించలేదు. నా అరచెయ్యి పెట్టమంది. పెట్టాను. నా బదులు పోయింది. రెహానాదీ పోయింది. ఇంకొందరివీ. అందరివీ కాదు. అది వాళ్ళ ఇష్టం, కానీ ఆ ఇష్టం మీద కూడా నాకు కోపం ఉంది, దాచుకోను.

చివరికి ఆవిడ మావ దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుంది. "అత్తగారి స్వరం కూడా ఉందండీ. సరిదిద్దినది. సభ కోసం కాదు. కావాలంటే మీ ఇంట్లో పెట్టుకోవచ్చు. తీసెయ్యమంటే తీసేస్తాను."

మావ వినిపించమన్నాడు.

"ఏటలా కూకున్నావు, అన్నం తిన్నావా లేదా? నాను సెప్తేగానీ తినవు గదా. ఆ చొక్కా యిప్పి ఉతుక్కో, వాసనొస్తంది."

అత్తే. తిట్టులో ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంటుందో అక్కడే ఆగింది. గదిలో అందరం తలలు దించుకున్నాం. మావ కళ్ళు మూసుకుని, చివరిదాకా విన్నాడు.

"బాగుందమ్మా" అన్నాడు. "తీసీ."

"ఇంట్లో ఉంచుకోవచ్చండీ, ఎవరూ..."

"తీసీమంటన్నాను. ఇది నాతో ఉంటే అది పోయిందని నాను మరిసిపోతాను. నాను మరిసిపోతే మీకు అడిగేవోడు ఉండడు." కళ్ళు తెరిచాడు. "మీటింగులో దాని కుర్సీ మాత్రం తియ్యకండి. కాళీగా ఉండనీండి."

జూన్ 23

సభ. ఈసారి మేం అడిగితే పొద్దుట పెట్టారు. మొన్నటంత మంది రాలేదు. పని ఉన్నవాళ్ళున్నారు, విసుగొచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ కుర్చీలు కొత్త గొంతులతో చక్కగా కోప్పడ్డాయి. వేదిక మీది నగరసభ పెద్దలు చక్కగా తలలూపారు.

అంశం: మండుగంటల్లో లిఫ్టు నడపాలా వద్దా. అంతస్తుల వారీగా ఆప్త పేర్లు పిలుస్తోంది. కుర్చీ మీదున్న ప్రతి పేరూ సమాధానం చెప్పాలి, అప్పటిదాకా అంశం ముగియదు, పెద్దలు లేవడానికి లేదు. నగరసభ పెట్టుకున్న నియమమే.

నా వంతు వచ్చింది. నడపాలన్నాను. రెహానా నడపాలంది. దానయ్య మావ నడపాలన్నాడు.

"నూకరత్నం గారు" అంది ఆప్త.

ఖాళీ కుర్చీ. మావ దాని చేతి మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"నూకరత్నం గారు, దయచేసి మీ అభిప్రాయం చెప్పండి."

ఎవరమూ మాట్లాడలేదు. కోపిష్టి కుర్చీలు కూడా తమ వంతు కాదు గనక ఊరుకున్నాయి. వేదిక మీద పెద్దాయన ఒకడు మృణాళిని చెవిలో ఏదో అన్నాడు. దాటెయ్యమని అయి ఉంటుంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన మా వైపు చూశాడు, కుర్చీ వైపు చూశాడు, చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నీళ్ళ గ్లాసు తీసుకున్నాడు.

ఆప్త మళ్ళీ అడిగింది.

మేం కదల్లేదు.